మర మొరాయిస్తే...

మరచెంబు గుర్తుందా? ప్రయాణమంటే చాలు, అమ్మమ్మలు ఇత్తడి మరచెంబులో మంచినీళ్లు నింపి, మూత గట్టిగా బిగించి ఇచ్చేవారు. తీరా దాహం వేసి తిప్పబోతే మూత కదిలేది కాదు. ఇంట్లో మగవాళ్లంతా తలో చెయ్యీ వేసి, అరచేతులు ఎర్రబడేదాకా తిప్పి ఓడిపోయేవారు. అప్పుడు అమ్మమ్మ వచ్చి మూత చుట్టూ కాసిని వేడినీళ్లు పోసి, తడిగుడ్డతో పట్టుకుని ఒక్క తిప్పు తిప్పేది. అంతే, వచ్చేసేది!

మంత్రం కాదు. వేడికి ఇత్తడి వ్యాకోచిస్తుంది. వేడినీళ్లు ముందుగా తగిలేది మూతకి కాబట్టి అది చెంబు మెడకన్నా వెంట్రుకవాసి ఎక్కువ సాగుతుంది. ఆ వెంట్రుకవాసే చాలు, మర పట్టు వదులుతుంది. బలంతో కాని పని ఉపాయంతో అయిందన్నమాట.

మరచెంబులు అటకెక్కాయి. మరలు మాత్రం మనల్ని వదల్లేదు. కుక్కరు పిడి, కుర్చీ కాళ్లు, సైకిలు, మిక్సీ... దేన్ని విప్పబోయినా మొరాయించే స్క్రూ ఒకటి ఉంటుంది. అవన్నీ ఒక ఎత్తు, పిల్లలు చేసుకునే రిమోట్ విమానాల్లో విరిగిపోయే స్క్రూలు ఒక ఎత్తు. ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌లో ఏరోమోడలింగ్ శిక్షణలో భాగమే. ఇంజినీరింగు విద్యార్థులు ప్రాజెక్టుల పేరుతో సొంతంగా విమానాలు చేస్తున్నారు. మోటారు బిగించబోయో, సర్వో విప్పబోయో స్క్రూ తల పుటుక్కున తెగుతుంది. కాడ లోపలే ఉండిపోతుంది. నెల రోజుల కష్టం అక్కడ ఆగిపోతుంది. ఈ వారం ఆ ముక్కను బయటికి తీసే సంగతే చెప్పుకుందాం.

ఉప్పుగాలి తంటా

జలంత్రకోట, సోంపేట, పలాస, టెక్కలి... ఉద్దానం వైపు ఉండేవారికి ఈ చిక్కు కాస్త ఎక్కువే. అటు కొబ్బరితోటలు, ఇటు జీడితోటలు, ఆపైన సముద్రం. చూడ్డానికి కనులపండుగే గానీ ఇనుముకు ఆ గాలి పడదు. గాలిలో తేలివచ్చే ఉప్పు ఇనుము మీద పేరుకుంటుంది. ఉప్పుకు తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ, ఉప్పు కలిస్తే తుప్పు తొందరగా పడుతుంది. తుప్పుకి ఇంకో గుణం ఉంది. అది తాను తినేసిన ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంటే మరల మధ్య ఉన్న కాస్త సందు కూడా పూడిపోయి, స్క్రూ తనంతట తానే బిగుసుకుపోతుంది. ఇనుప స్క్రూ అల్యూమినియంలో ఉంటే మరో బాధ. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పుతేమ చేరితే అల్యూమినియం కూడా పొడిపొడిగా తినుకుపోతుంది. తెల్లటి పొడి కనిపిస్తే అదేనని గుర్తు.

సరే, విరగడం ఎందుకు? మనం స్క్రూ బిగించేటప్పుడు పెట్టే శక్తిలో దాదాపు 90 శాతం రాపిడికే ఖర్చయిపోతుంది. తల కింద కొంత, మరల మధ్య కొంత. నిజంగా పట్టి ఉంచడానికి మిగిలేది పదో వంతే. తుప్పు పట్టి రాపిడి పెరిగితే ఆ భారమంతా స్క్రూ కాడే మోయాలి. విమానాల్లో ఎక్కువగా వాడే 3 మిల్లీమీటర్ల స్క్రూకి మరల అడుగున ఉండే అసలు మందం 2.4 మిల్లీమీటర్లే. ఇంచుమించు అగ్గిపుల్లంత! దాన్ని పొడవాటి పిడి ఉన్న స్క్రూడ్రైవరుతో మెలితిప్పితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

విరిగే ముందు స్క్రూ మనకు చెబుతుంది కూడా. బిగువుగా ఉన్నది ఉన్నట్టుండి మెత్తగా, సాగినట్టుగా తిరుగుతుంది. ‘హమ్మయ్య, వదులైంది’ అనుకుంటాం. నిజానికి అప్పుడు తిరుగుతున్నది తల ఒక్కటే, కింద కాడ కదలడం లేదు. ఆ మెత్తదనం తెలిసిన క్షణాన చెయ్యి ఆపినవారికి సగం పని తప్పుతుంది.

నువ్వలరేవు, భావనపాడు లాంటి తీరగ్రామాల పడవ ఇంజన్లు, తోటల్లోని మోటార్లు, జీడిపప్పు ఫ్యాక్టరీల యంత్రాలు బాగుచేసేవారికి ఈ సంగతి చేతివేళ్లకే తెలుసు. అలాంటి ముసలి మెకానిక్ దగ్గరికి ఓ కుర్రాడు విమానం ఇంజను పట్టుకెళ్లాడనుకోండి. మాటలు ఇలా సాగుతాయి:

‘‘ఓరి గుంటడా, దాని మీద బలం సూపిస్తావేటి? నూనేసి ఒగ్గీ. రేప్పొద్దున్న అదే వొస్తాది.’’

‘‘రేపటిదాకానా తాతా? ఆదివారం ఎగరేయాలి.’’

‘‘ఆదివారం ఎగరాలంటే శనివారం ఆగాల మరి!’’

ముందు పంకా విప్పండి

పనిలోకి దిగేముందు మూడు జాగ్రత్తలు. కరెంటు మోటారున్న విమానమైతే ముందు బ్యాటరీ తీసేయాలి, ప్రొపెల్లరు విప్పేయాలి. పొరపాటున మోటారు తిరిగిందంటే ఆ పంకా వేళ్లను కోసేస్తుంది. రెండోది, గ్లో ఇంజనైతే ట్యాంకు, గొట్టాలు ఖాళీ చేయాలి. అందులో వాడే మిథనాల్ మంట పగటి వెలుతురులో కంటికి సరిగా ఆనదు. మూడోది, డ్రిల్లు పట్టుకుంటే కళ్లద్దాలు తప్పనిసరి. పిల్లలు చేసే పనైతే పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే.

తర్వాత ఆ ముక్క ఎక్కడుందో చూడండి. విరిగిన ప్రతి స్క్రూనీ తీయాలని లేదు. లోపల సర్వోని పట్టుకునే చిన్న స్క్రూ ప్లైవుడ్డులో విరిగి ఉండిపోతే, దాన్ని అలాగే వదిలి, నాలుగైదు మిల్లీమీటర్ల దూరంలో కొత్త రంధ్రం వేసుకోవచ్చు. దానివల్ల నష్టం లేదు. కానీ ఇంజనునీ, రెక్కనీ, చక్రాలనీ పట్టి ఉంచే చోట ఆ రాజీ పనికిరాదు. అక్కడ ముక్క బయటికి రావాలి, మంచి స్క్రూ లోపలికి వెళ్లాలి. పైన జిగురు పూసి కప్పేస్తే కనబడదంతే, ఆ చోటికి బలం రాదు.

చెక్కలో విరిగితే...

మోడల్ విమానాల్లో బాల్సా చెక్క, పలుచటి ప్లైవుడ్డు ఎక్కువ. బాల్సా చాలా తేలిక. ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వస్తుంది. చెక్కలో ఇరుక్కున్న స్క్రూకి నూనె మాత్రం వేయకండి. చెక్క నూనెను పీల్చేసుకుంటుంది. ఆ తర్వాత అక్కడ ఏ జిగురూ పట్టదు.

తల ఉండి, దాని గాడి మాత్రం అరిగిపోయిందా? పాత సైకిలు ట్యూబు నుంచి చిన్న రబ్బరు ముక్క కోసి తల మీద పెట్టి, స్క్రూడ్రైవరుతో గట్టిగా అదిమి మెల్లగా తిప్పండి. రబ్బరు గాడిలోకి చొచ్చుకుని పట్టునిస్తుంది. అసలు గాడి అరగడానికి కారణం కూడా చాలాసార్లు సైజు కుదరని స్క్రూడ్రైవరే. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ 1936లో పేటెంట్లు పొందిన ప్లస్ గాడి స్క్రూలో అంచులు వాలుగా ఉంటాయి. తిప్పేకొద్దీ స్క్రూడ్రైవరు పైకి జారాలని చూస్తుంది. అందుకే ప్లస్ స్క్రూ విప్పేటప్పుడు తిప్పే బలంకన్నా అదిమే బలం ఎక్కువుండాలి.

తల తెగి, కాడ కాస్త పైకి ఉంటే నోస్ ప్లయరుతో పట్టుకుని తిప్పుతూ తీయండి. లాగితే మాత్రం చెక్క చీలుతుంది. జిగురు అంటుకుని బిగుసుకుందనిపిస్తే సోల్డరింగు ఐరన్ మొనను ఆ కాడకు పావు నిమిషం ఆనించండి. ఇనుములోంచి వేడి లోపలికి పాకి ఎపాక్సీ జిగురును మెత్తబరుస్తుంది. అమ్మమ్మ వేడినీళ్ల ఉపాయానికి ఇది తమ్ముడు!

కాడ పూర్తిగా లోపలే ఉండిపోతే? పాత ట్రాన్సిస్టర్ రేడియో ఏరియల్ ఉంటే వెతకండి. ఒకదాంట్లో ఒకటి దూరే ఆ గొట్టాల్లో, స్క్రూ చుట్టూ సరిపోయే ముక్క ఒకటి దొరుకుతుంది. దాని అంచుకు సన్నటి ఆకురాయితో రంపపు పళ్లు పెట్టండి. విరిగిన కాడ చుట్టూ ఆ గొట్టాన్ని నిలబెట్టి చేత్తోనే తిప్పుతూ పోతే, స్క్రూతో పాటు చుట్టూ ఉన్న చెక్క చిన్న బిళ్లలా ఊడివస్తుంది. ఆ రంధ్రంలో వెదురుపుల్లను చెక్కి, జిగురు రాసి దిగ్గొట్టండి. ఒకరోజు ఆరనిచ్చి మధ్యలో సన్నటి రంధ్రం వేస్తే, పాతదానికన్నా గట్టి పట్టు సిద్ధం.

లోహంలో విరిగితే...

ఇది అసలు పరీక్ష. గ్లో ఇంజను ఒళ్లు అల్యూమినియంది, స్క్రూ ఉక్కుది. మొదట ఇంజనును విమానం నుంచి విడదీయండి. తుప్పు వదిలించే స్ప్రే మోటార్‌సైకిలు విడిభాగాల కొట్లలో దొరుకుతుంది. రెండు మూడు చుక్కలు మర మీద పడేలా వేసి, చిన్న సుత్తితో కాడ మీద టకటకమని మెల్లగా తట్టండి. ఆ అదురుకు తుప్పు పగిలి నూనె లోపలికి దిగుతుంది. రాత్రంతా అలా వదిలేయండి. పొద్దున్న ముందు బిగించే వైపు ఒక్క పిసరు, తర్వాత విప్పే వైపు ఒక్క పిసరు... అలా ముందుకూ వెనక్కూ కదపండి.

కాడ పైకి ఉంటే సగం గెలిచినట్టే. దానికి రెండు పక్కలా ఆకురాయి పెట్టి చదును చేస్తే ప్లయరు జారదు. లేదా హ్యాక్సా బ్లేడుతో నడినెత్తిన గాడి కోసి, మైనస్ స్క్రూడ్రైవరుతో తిప్పవచ్చు.

కాడ అంచుకు సమంగా తెగిపోతే డ్రిల్లు తప్పదు. పైభాగాన్ని చదును చేసి సరిగ్గా నడిమధ్య సెంటర్ పంచ్‌తో గుంట పెట్టండి. ఈ గుంట పక్కకు పోతే తర్వాతి పనంతా పక్కకే పోతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టండి. ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్లని ఉంటాయి. అవి దొరికితే అదృష్టమే. డ్రిల్లును వెనక్కి తిప్పుతూ రంధ్రం చేస్తుంటే, చాలాసార్లు సగంలోనే బిట్టు ముక్కను కొరికి పట్టుకుని తానే బయటికి తీసుకొచ్చేస్తుంది.

స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్ అనే పరికరం కూడా ఉంది. రంధ్రంలో దిగ్గొట్టి వెనక్కి తిప్పితే పట్టు దొరుకుతుంది. పెద్ద బోల్టులకు బాగానే పనిచేస్తుంది. మూడు మిల్లీమీటర్ల స్క్రూలకు మాత్రం దాని జోలికి పోకపోవడమే మంచిది. అంత సన్నటి ఎక్స్‌ట్రాక్టర్ ఇట్టే విరుగుతుంది. అది గట్టిదనం పట్టించిన ఉక్కు, మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు. అప్పుడు విరిగిన స్క్రూ మీద విరిగిన ఎక్స్‌ట్రాక్టర్... గోరుచుట్టు మీద రోకటిపోటు!

ఏదీ పనిచేయకపోతే రెండున్నర మిల్లీమీటర్ల దాకా రంధ్రం పెంచి, మిగిలిన మర తీగను సూదిమొనతో గిల్లి తీసి, 3 మిల్లీమీటర్ల ట్యాప్ తిప్పి మర శుభ్రం చేసుకోవచ్చు. మర పూర్తిగా పాడైతే 3.3 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, 4 మిల్లీమీటర్ల స్క్రూకి కొత్త మర వేయడమే మార్గం. మీ దగ్గర ట్యాప్ లేకపోతే లేత్ పనివారి దగ్గరికి వెళ్లండి. వారికిది పది నిమిషాల పని.

పటిక వైద్యం

డ్రిల్లు పెట్టలేనంత సన్నటి పనులు చేసేవారున్నారు. గడియారాలు బాగుచేసేవారు. వాచీలో ఆవగింజంత ఉక్కు స్క్రూ ఇత్తడి పలకలో విరిగితే వాళ్లేం చేస్తారో తెలుసా? పటిక వేస్తారు! అవును, మన ఇళ్లలో బురదనీటిని తేర్చే పటికే. వేడినీళ్లలో పటికను కరిగినంతా కరిగించి, ఆ ఇత్తడి భాగాన్ని అందులో ముంచి వేడిగా ఉంచుతారు. పటిక నీరు ఉక్కును మెల్లమెల్లగా తినేస్తుంది, ఇత్తడిని ఏమీ అనదు. గంటలో, రోజో... చివరికి స్క్రూ మసిలా మారి కరిగిపోతుంది.

అయితే గాజుపాత్రో, పింగాణీదో వాడాలి. వంటకు వాడే గిన్నెలు వద్దు. గాలి తగిలే చోట చేయాలి. ఆ భాగంలో ఉక్కువి ఇంకేమైనా ఉంటే ముందే విప్పేయాలి, లేకపోతే అవీ కరుగుతాయి. తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ స్టీలు మీద ఈ వైద్యం పెద్దగా పనిచేయదు.

విరగడమే మంచిదైన బోల్టు

ఇంతసేపూ విరగకూడదని చెప్పుకున్నాం. విరగాలని పెట్టే బోల్టు కూడా విమానంలో ఒకటుంది. రెక్కను ఒంటికి కలిపే నైలాన్ బోల్టు. విమానం దిగేటప్పుడు రెక్క నేలకో, కొమ్మకో తగిలితే ఆ బోల్టు తాను తెగి, రెక్క ముక్కలవకుండా కాపాడుతుంది. ఇంట్లో కరెంటు ఫ్యూజులాంటిదన్నమాట. ‘మాటిమాటికీ తెగుతోంది’ అని విసిగి దాని చోట ఇనుప బోల్టు వేస్తే, ఈసారి బోల్టుకు బదులు రెక్కే తెగుతుంది.

తెగిన నైలాన్ ముక్కను తీయడం బహు తేలిక. పాత మైనస్ స్క్రూడ్రైవరు మొనను వేడిచేసి ముక్క మీద అదమండి. నైలాన్ కరిగి గాడి పడుతుంది. కదపకుండా చల్లారనిచ్చి అదే స్క్రూడ్రైవరుతో తిప్పితే, పెన్ను మూత వచ్చినంత సులువుగా వచ్చేస్తుంది.

సూతు తేడా

ముక్క వచ్చేసింది. దాన్ని జేబులో వేసుకుని కొట్టుకెళ్లి, ‘ఇలాంటిదే ఇవ్వండి’ అంటాం. అసలు ప్రమాదం అక్కడే ఉంది. మన కొట్లలో అంగుళాల లెక్కవీ, మిల్లీమీటర్ల లెక్కవీ పక్కపక్కనే ఉంటాయి. ఒక సూతు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, 3.175 మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్ల స్క్రూకీ దానికీ తేడా కంటికి ఆనదు. రెండు చుట్లు లోపలికి వెళుతుంది కూడా. ఆ తర్వాత బిగుసుకుని, మరను కొరికేసి, మళ్లీ విరుగుతుంది. కొట్టుకెళ్లేముందు వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, అంకె రాసుకుని వెళ్లండి.

కంటి కొలత ఎంత పని చేయగలదో చెప్పడానికి ఒక నిజమైన విమానం కథ ఉంది. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానం బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలాగాకు బయల్దేరింది. 17 వేల అడుగుల ఎత్తు దాటాక కాక్‌పిట్ అద్దం ఒకటి ఊడి ఎగిరిపోయింది. కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ సగం శరీరం గాలి ఉరవడికి బయటికి వెళ్లిపోయింది. సిబ్బంది ఆయన కాళ్లు గట్టిగా పట్టుకుని వేలాడారు. కో-పైలట్ అలస్టేర్ అచిసన్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించారు. అదృష్టం, అందరూ బతికారు, కెప్టెన్‌తో సహా. దర్యాప్తులో తేలిందేమిటి? అద్దాన్ని అంతకు కొద్దిముందే మార్చారు. 90 బోల్టుల్లో 84 ఉండాల్సిన దానికన్నా సన్నం. ఎంత? 0.66 మిల్లీమీటర్లు! పాత బోల్టు పక్కన పెట్టి, కంటితో పోల్చి ఎంచుకున్నారు.

మనది బొమ్మ విమానమేగా అంటారా? రెండు కిలోల బొమ్మ గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకోండి. దాని దెబ్బ ఎంతో ఉద్దానం పిల్లలకు తేలిగ్గా చెప్పవచ్చు. 20 మీటర్ల కొబ్బరిచెట్టు మీంచి రెండు కిలోల బోండం పడితే ఎంతో, ఇంచుమించు అంత. కొబ్బరిచెట్టు కింద మంచం వేసుకుని ఎవరైనా పడుకుంటారా? రెక్క బోల్టు అనుమానంగా ఉన్న విమానాన్ని జనం ఉన్న చోట ఎగరేయడమూ అంతే.

మళ్లీ విరగకుండా...

చెక్కలో స్క్రూ బిగించేముందు, దాని కాడ మందాన సన్నటి రంధ్రం వేయండి. మరకు కొవ్వొత్తి మైనం రాయండి, జారుగా దిగుతుంది. లోహంలోకి వెళ్లే స్క్రూలకు పిసరు గ్రీజు పెట్టండి. ఇంజను అదురుకు ఊడకుండా మర జిగురు వాడాల్సిన చోట నీలిరంగుది వాడండి. ఎర్రది వాడితే విప్పడానికి బాగా వేడిచేయాలి, ఆ వేడికి పక్కనున్న చెక్క ఓర్చుకోదు. ప్లాస్టిక్ భాగాలకు మర జిగురు తగలనీయకండి, కొన్ని రకాలు పగుళ్లిస్తాయి. సముద్రం పక్కన ఎగరేసి వచ్చిన రోజు, ఇంటికి చేరగానే స్క్రూల తలలన్నీ నూనెగుడ్డతో ఒకసారి తుడవండి. అయిదు నిమిషాల పని. మరుసటి నెల అయిదు గంటలు మిగులుస్తుంది.

ఇంకొక్క మాట. స్క్రూలు విప్పేటప్పుడు ఎన్ని విప్పారో కాగితం మీద రాసి, ఖాళీ అగ్గిపెట్టెలో వేసి పెట్టండి. తిరిగి బిగించాక పెట్టెలో ఒకటి మిగిలిందా? విమానం ఆ రోజుకి ఎగరక్కర్లేదు.